రెండు బస్తాల సిమెంటు

చమురు కోసం ఎప్పుడో తవ్వి వదిలేసిన బోర్లకు ఏమేం చేయాలో చట్టంలో రాసి ఉంది. బోరు ఎక్కడుందో వెతకాలి. అడుగుదాకా పూడిక తీయాలి. అడుగు నుంచి పైదాకా సిమెంటు నింపాలి. వారం ఆరనివ్వాలి. ఎక్కడా కారడం లేదని పరీక్షించాలి. ఆఖరున మూసినవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి.

ముప్ఫై ఏడు బోర్లకు మేస్త్రీ ముఠా చేసినవి మొదటి పనీ, చివరి పనీ.

"మట్టి కొట్టి పైన మూడడుగులు సిమెంటు వెయ్యండి. కింద ఎవడు దిగి చూస్తాడు?" అన్నాడు కాంట్రాక్టరు. బోరుకు రెండొందల బస్తాలు పట్టాలి. ముఠాలో సిమెంటు కలిపే సిమెంటక్క కలిపింది రెండు.

బోర్లన్నీ మూశాకే కంపెనీకి లైసెన్సు వచ్చింది. ఫ్యాక్టరీ పొగలోంచి బొగ్గుపులుసు వాయువును విడదీసి, మైలు లోతున రాళ్ళ సందుల్లోకి ఎక్కించే లైసెన్సు. ఆ గాలి పాత బోర్లలోంచి పైకి తన్నకూడదనే ఆ మూతలు. పైనేల ఎవరిదైనా కిందిసందులు ప్రభుత్వానివేనంది చట్టం. ఆ సందుల్ని కంపెనీకి రాసిచ్చేశారు.

ఏడాది తిరక్కుండానే, ముఠావాళ్ళుండే కాలనీ పల్లంలోని పంపుగదిలోకి దిగిన సిమెంటక్క మరిది మళ్ళీ పైకి రాలేదు. వాసన లేదు, పొగ లేదు. గుమ్మంలో అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. "కుళ్ళిన ఆకుల గాలి," అన్నారు కంపెనీవాళ్ళు. గాలి రెండింతలు ఎక్కిస్తామంటూ రెండో దశకు ప్రజాభిప్రాయ సేకరణ కూడా పెట్టారు.

పనిముట్ల షెడ్డులో ముఠా ఎనిమిదిమందీ తలుపేసుకుని కూర్చున్నారు. లా చదువుతున్న మేస్త్రీ కూతురు చట్టం విప్పింది.

"బోర్లు మూసిన కాగితాలు దొంగవని తేలితే లైసెన్సు రద్దు."

"అబ్బ! బతికించావమ్మా," అన్నాడు వెల్డరు.

"ఆ కాగితాలు ఇచ్చినవాళ్ళకు మూడేళ్ళ జైలు. కింద సంతకాలు మీవే బాబాయ్. కాంట్రాక్టరు పేరు ఎక్కడా లేదు."

"కొట్టమన్నవాడు ఇంట్లో, కొట్టినవాడు లోపలా? బాగుంది నీ చట్టం!"

"నన్నంటావేం? నేను రాశానా?"

"మనల్ని మనమే బోర్లో వేసుకుని మూసుకున్నాంరా," అన్నాడు డ్రిల్లరు. "దీనికి మాత్రం అడుగుదాకా సిమెంటు కొట్టాం."

ఎవరికీ నవ్వు రాలేదు.

"నేనొక్కణ్ణే పోతాను. ముసలాణ్ణి," అన్నాడు మేస్త్రీ.

"ఒక్కడివే చెబితే కాంట్రాక్టరు మీద కక్షంటారు. ఎనిమిదిమందిమీ చెప్పాలి అన్నా," అంది సిమెంటక్క.

"నీ పిల్లలో?"

 సిమెంటక్కకు పిల్లల కంటే ముందు అత్త గుర్తొచ్చింది. చిన్నకొడుకు పంపుగదిలో పోయినప్పటినుంచీ ఆ ముసలామె కోడలు చేతి ముద్దే తింటోంది. ఆ చేతులు ఏం కలిపాయో ఆమెకు తెలియదు.

ప్రజాభిప్రాయ సభలో, మాట్లాడటానికి వచ్చిన సిమెంటక్కను ఆఫీసరు కళ్ళద్దాల మీదుగా చూశాడు. "నీ పేరున పట్టా ఉందా? చట్టప్రకారం పట్టాదారులే అభ్యంతరం చెప్పాలి."

"అభ్యంతరం కాదండీ, నేరం ఒప్పుకోడానికొచ్చాను. దానికీ పట్టా కావాలా?"

 రెండు బస్తాల సంగతి చెప్పింది. మేస్త్రీ లేచాడు. వెల్డరు లేచాడు. ఎనిమిదిమందీ లేచారు. "నమ్మకపోతే పదండి, తవ్వి చూపిస్తాం!" జనం గునపాలు తెచ్చారు. పంపుగది పక్క బోరు మీద మూడడుగుల పెంకు పగిలింది. కింద పచ్చిమట్టి. అందులోంచి గాలి బుసకొట్టింది. ఆఫీసరే ముక్కు మూసుకుని వెనక్కి పరుగెత్తాడు.

సాయంత్రానికి రెండో దశ ఆగింది. పోలీసులు వచ్చి ఎనిమిదిమందినీ బండెక్కించారు.

అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొడుతుందనుకున్నారంతా.

"ముందే ఎందుకు చెప్పలేదే నాకు?"

సిమెంటక్క తల దించుకుంది. ముసలామె ఎస్సై వైపు తిరిగింది. "దీన్ని తిట్టుకోవాల్సింది నేను. మధ్యలో మీరెవరు? ఆ కాంట్రాక్టరును తెచ్చి దీని పక్కన కూర్చోబెట్టండి. అప్పుడే బండి కదిలేది." అంటూ చక్రం ముందు చతికిలబడింది. ఆమె పక్కన మేస్త్రీ కూతురు కూర్చుంది. ఆ వెనక కాలనీ మొత్తం కూర్చుంది.

లాఠీలతో లేపి బండిని కదిలించుకుపోయారు. మర్నాటి నుంచి కాంట్రాక్టరు ఇంటిముందు కాలనీ కూర్చునే ఉంది.

'దొంగ సర్టిఫికెట్ల ముఠా అరెస్టు' అని పేపర్లో మీరూ చదివే ఉంటారు. ఫోటోలో చివరన, కొంగు మొహానికి అడ్డం పెట్టుకోకుండా నిలబడ్డ ఆడమనిషి ఒకామె ఉంది. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.