నా అద్దం మీది గీత

నేను ఒక మైక్రోస్కోపును. పుట్టింది హర్యానాలోని అంబాలాలో, సైన్సు పరికరాల ఫ్యాక్టరీలో. చిన్నవాటిని పెద్దవి చేసి చూపించడం నా పని. మనుషులు ఆ పనిని నా సాయం లేకుండానే చేసుకోగలరని తర్వాత తెలిసింది.

విజయనగరం దగ్గర ఒక హైస్కూలుకి నన్ను పంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, హెడ్మాస్టరు నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం బయటికి తీసేవారు. అలాంటి ఒక రోజున, అధికారి గేటు దాకా వచ్చేశాడన్న కంగారులో, అటెండరు నన్ను నల్లబల్ల తుడిచే డస్టరుతో తుడిచాడు. అందులోని ఇసుక నలుసొకటి, కన్ను ఆనించి చూసే అద్దం మీద గీత పెట్టింది. అప్పట్నించి నాలోంచి ఏం చూసినా వెంట్రుకంత గీత అడ్డం వస్తుంది.

తర్వాత సైన్సు చెప్పడానికి దాలినాయుడు మాస్టారు వచ్చాడు. మొదటి వారమే ఆ తాళం తీయించాడు. ఉప్పు రవ్వ, చీమ కాలు, చింతాకు, ఏది దొరికితే అది నా కింద పెట్టేవాడు. ఈగ కాళ్లు చూపించిన రోజున బడి బయట బజ్జీలు ఒక్కరూ కొనలేదు. పిల్లలు నవ్వుతూ, తోసుకుంటూ నా మీద పడేవాళ్లు. నా బతుకులో మంచి రోజులంటే అవే.

అందరిలోకీ పైడితల్లి ఎక్కువసేపు చూసేది. పదో తరగతి రికార్డులో ఉల్లిపొర బొమ్మ వేస్తూ ఆ గీత కూడా వేసింది. కింద ఇలా రాసింది: "అద్దం తిప్పితే గీత తిరిగింది. కాబట్టి గీత అద్దానిది, ఉల్లిపాయది కాదు." ఇన్నేళ్లలో నా జబ్బు కనిపెట్టింది ఆ పిల్ల ఒక్కతే. నాకెంత గర్వంగా అనిపించిందో.

"ఇదేటే?" అన్నాడు మాస్టారు.

"అగుపడింది మాస్టారూ."

"అగుపడితే? మార్కులేసేవోళ్లు గైడు చూసి ఏస్తారు. గైడులో ఉన్నట్టు ఎయ్యి."

ఎర్రసిరాతో పేజీ అంతా కొట్టేశాడు. చూడమని నేర్పిన మనిషే ఆ పని చేశాడు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

పద్దెనిమిదేళ్లకు పైడితల్లి అదే బడికి సైన్సు టీచరుగా వచ్చింది. ఈసారి నా రోజులు బాగుపడతాయనుకున్నాను. రికార్డులు దిద్దుతుంటే ఒక పిల్ల బొమ్మలో గీత కనిపించింది. పైడితల్లి చెయ్యి ఆగింది. లేచి వచ్చి, నాకు కన్ను ఆనించి, అద్దాన్ని మెల్లగా తిప్పింది. గీత తిరిగింది. చాలాసేపు అలాగే చూసింది.

వెళ్లి కూర్చుని ఎర్రపెన్ను తీసి, ఆ పిల్లని పిలిచింది.

"గైడులో ఉందేటి ఈ గీత?"

"నేదు టీచర్."

"మరెందుకు ఏసినావు?"

ఆ పిల్ల రబ్బరుతో గీత చెరిపేసి, పక్కన కూర్చున్న పిల్ల దగ్గర గైడు అడిగి తీసుకుంది. మళ్లీ నా దగ్గరికి రాలేదు.