ఖాళీ అయిన వరండా

జీతాలు పడిన శనివారం సాయంత్రం గరియాహాట్ బజారులో అడుగు పెట్టే చోటుండదు. ఝుమూర్ తన మేనత్త నీహార్ పిషిని రెక్క పట్టుకుని గాజుల కొట్లూ దుప్పట్ల కొట్లూ దాటించి, ఫుట్‌పాత్ మీద గోడకు తగిలించే బొమ్మలమ్మే అతని దగ్గరికి తీసుకొచ్చింది. కొత్తగా అద్దెకు తీసుకున్న ఒంటిగది ఫ్లాట్‌లో గోడలు బోడిగా ఉన్నాయి. అచ్చు బొమ్మ ఒక్కటైనా కొనాలి, అదీ చవగ్గా.

ఇల్లు సర్దిపెట్టడానికని పిషి వారం కిందట వచ్చింది. రేపు ఝుమూర్ అన్న బాపీ వచ్చి బరాసత్‌లో తన ఇంటికి తీసుకుపోతాడు. అక్కడ ఎనిమిది మందికి మూడు పూటలా వండేది ఆవిడే. నా దగ్గరే ఉండిపొమ్మని ఝుమూర్ వచ్చిన రోజు నుంచీ పోరుతోంది.

"ఎక్కడుండను, అల్మారా మీదా? రేపు నీకు పెళ్లయితే అల్లుణ్ణి బాత్‌రూమ్‌లో పడుకోమంటావా?" అంటుంది పిషి.

ఝుమూర్ నాట్యమాడే అమ్మాయి బొమ్మ తీసింది.

"అది వద్దు," అంది పిషి. "రోజంతా గజ్జెల మోత. కింది వాటాలో పరీక్షలకు చదివే పిల్లలున్నారు."

"పోనీ, పులి?" అన్నాడు కొట్టతను. "చాలా నెమ్మదైంది మాషీమా."

"దానికి రోజూ చేపలెవరు తెస్తారు, నువ్వా?"

అడుగున వరండా బొమ్మ ఒకటుంది. ఎర్ర గచ్చు, పేము కుర్చీ, పోకచెట్లు, వాటి వెనక ఏరు. మనిషి మాత్రం లేదు.

"అది సగం ధరే దిదీ. ఇందులో కూర్చునే ఆవిడకి, కొన్నవాళ్ళకి పడలేదు. బాలీగంజ్‌లో ఎవరిదో పూలతోట బొమ్మలోకి మారిపోయింది. ఖాళీ బొమ్మలు ఎవరూ కొనరు."

పిషి గచ్చు మీద వేలు రాసి దుమ్ము చూసుకుంది. "ఊడ్చి ఎన్నాళ్ళయిందో," అని గొణిగి, "వెళ్ళిపోయినావిడ కుర్చీకి కూడా డబ్బులేంటయ్యా?" అని ఇంకాస్త తగ్గించింది.

ఇంటికొచ్చాక ఝుమూర్ మేకు పట్టుకుని స్టూలెక్కింది.

"కిందికి," అంది పిషి. "ఇంకా కిందికి."

"పిషీ, బొమ్మ కళ్ళకెదురుగా ఉండాలి."

"కళ్ళదేముంది, నా మోకాళ్ళ సంగతి చూడు. ఈ వయసులో నేను గోడలెక్కాలా?"

ఝుమూర్ సుత్తి పట్టుకుని పిషి మోకాళ్ళకేసీ, బొమ్మలో కుర్చీకేసీ చూసింది. తర్వాత స్టూలు దిగి, మోకాలెత్తున, ఒకటి చాలదని రెండు మేకులు దిగగొట్టింది.

ఆదివారం బాపీ వచ్చేసరికి పిషి పేము కుర్చీలో కాళ్ళు చాపుకుని తల ఆరబెట్టుకుంటోంది. ఏటి గాలికి ఝుమూర్ గదిలో క్యాలెండరు రెపరెపలాడుతోంది.

"పిషీ, బండి కింద ఆపాను. రా."

"ముందు చెప్పులు బయట వదులు."

"నీ సంచీ ఏది?"

"లోపల పెట్టేసుకున్నాను."

బాపీ వంగి చూశాడు. నిజమే, సంచీ కుర్చీ పక్కనే ఉంది. "అయితే రావా? నువ్వొస్తావని ఇంట్లో పొద్దుట్నుంచి ఎవరూ ఏమీ తినలేదు."

"పాపం. అందరికీ చేతులు బానే ఉన్నాయిగా?"

ఝుమూర్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. బాపీ పటం ముందు చతికిలబడి లోపలంతా కలయజూశాడు.

"ఇల్లు బాగుంది పిషీ," అన్నాడు చివరికి. "ఇంత దూరం వచ్చాను, కనీసం నాలుగు లూచీ పూరీలైనా..."

"రారా, కూర్చో. గాలి పీల్చుకో, సాయంత్రం దాకా ఉండు," అంది పిషి జుట్టు విదిలిస్తూ. "పొయ్యి మాత్రం లేదు. పెట్టించే ఉద్దేశమూ లేదు."