యశోదమ్మ పోసిన పాలు

"ఊరికే కూర్చోనే ఉండావు కదమ్మా, రోంత కాఫీ పెట్టు" అన్నాడు మామ వెంకటరాయప్ప. నా చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, మీటింగ్ నడుస్తూనే ఉంది. లేచి పెట్టాను. ఇంటి నుంచి నేను చేసే ఉద్యోగం ఈ ఇంట్లో ఎవరి కంటికీ ఆనదు. జీతం మాత్రం బాగానే ఆనుతుంది.

మేము పాల సంఘాలకు యాప్ తయారు చేస్తున్నాం. ఒక్కో ఊరి పాల డైరీ పంపే రికార్డును మా ప్రోగ్రాం విప్పి, ఏ వివరాన్ని ఏ గడిలో పెట్టాలో అక్కడ పెడుతుంది. డీసీరియలైజేషన్ అంటే అంతే. పొద్దున్నుంచి అది ఆగిపోతోంది. రికార్డులో 'పోసినవారు' అని, పాలు తెచ్చి పోసిన మనిషి పేరు ఒకటి వస్తోంది. మా ప్రోగ్రాంలో ఉన్నది 'సభ్యుడు' గడి ఒక్కటే.

"తెలియనిది వస్తే వదిలేసి ముందుకు పొమ్మని ఒక్క లైను రాసెయ్ అంబికా, సాయంత్రానికి అయిపోవాల" అన్నాడు బెంగళూరు నుంచి మేనేజర్ పురుషోత్తమ్. కానీ కొత్త నిబంధన ప్రకారం ఇకమీదట పాలు పోసేవాళ్ళకే సంఘంలో ఓటు. ఆ ఒక్క లైను రాస్తే ఆ ఓట్లన్నీ మళ్ళీ సభ్యులుగా పేర్లున్న మగవాళ్ళకే పోతాయి. నాకు ఒళ్ళు మండింది.

ఏం వదిలేయమంటున్నాడో చూద్దామని మా ఊరి డైరీ రికార్డు తెరిచాను. ఈరోజు పొద్దుటిది. సభ్యుడు వెంకటరాయప్ప. పోసినవారు యశోదమ్మ.

యశోదమ్మ మా అత్త. చనిపోయి రెండేళ్ళు దాటింది.

నిన్నటిది తెరిచాను. యశోదమ్మ. పోయిన నెలదీ అంతే. ఆమె దినాలు జరిగిన రోజున కూడా యశోదమ్మే పాలు పోసింది. వంటింట్లో గిన్నె కదిలితే గబుక్కున తిరిగి చూశాను. పెరట్లో దండెం మీద ఆమె చీర ఊగుతోంది. పశువుల కొట్టంలోకి కట్టుకోమని ఇంట్లోవాళ్ళు నాకిచ్చిన పాత చీర అది. పొద్దున ఆ చీర కట్టుకుని, ఆమె చెంబులో పాలు పితికి, ఆమె క్యాను మోసుకుని డైరీకి పోయింది నేనే.

నా భర్త అమరేష్‌కు చెబితే నవ్వాడు. "డైరీ సెక్రటరీకి అమ్మ పేరు రాసి అలవాటు. పాలు పోతాండాయి కదా, ఎవరి పేరుంటే ఏమి? నువ్వూ అచ్చం అమ్మ మాదిరే చేస్తాండావని ఊరంతా అంటాండారు." పొగిడాననుకున్నాడు.

పురుషోత్తమ్ అడిగిన లైను రాయలేదు. 'పోసినవారు'కు గడి కట్టాను. అది ఖాళీగా ఉంటే రికార్డు లోపలికే రాకుండా చేశాను. తిట్టుకుంటే తిట్టుకోనీ అని ల్యాప్‌టాప్ మూసి, అత్త చీర కట్టుకోకుండా నా చీరతోనే సాయంత్రం పాలు పోయడానికి బయలుదేరాను.

డైరీలో సెక్రటరీ మునిశామప్ప తల ఎత్తకుండానే టైపు చేశాడు. తెర మీద యశోదమ్మ. నేను క్యాను మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. వెనక వరుసలో ఆడవాళ్ళు ముందుకు వంగి తెర చూశారు.

"పొయ్యమ్మా, ఏమాయ?" అన్నాడు.

"నువ్వు రాసినామె యాడ ఉండాదో పిలువప్పా" అన్నాను. "వచ్చి పోస్తాది."