బిందుమాధవి కుట్టిన రెక్కలు

బిందుమాధవికి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ వేసవిలో ఆమె టీమ్ మొత్తాన్నీ తీసేసింది. అప్పటి నుంచి ఆమెకు కాలు ఒక చోట నిలవడం లేదు. వంటింటి అల్మరాలు ఖాళీ చేసి మళ్లీ సర్దింది. మెట్ల దగ్గర గోడకు రంగు వేసి, నచ్చక ఇంకో రంగు వేసింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని భర్త అమరేందర్ అన్న ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది.

అలాంటి రోజుల్లోనే కూతురు అక్షర రెక్కలు కావాలంది. నాటింగ్‌హామ్‌లో కామిక్స్ పండుగ జరుగుతుందట. అక్షరా, బడిలో ఆమె స్నేహితురాళ్లు ముగ్గురూ కిట్టివేక్ వేషాలు వేసుకుని వెళ్తారట. కిట్టివేక్ అంటే సముద్రపు పక్షి పేరు పెట్టుకున్న ఒక సూపర్‌హీరో, రెక్కలున్న ఆడమనిషి. అట్టముక్కలతో చేసినా చాలు మమ్మీ, అంది అక్షర.

బిందుమాధవి అట్టముక్కలతో ఆగలేదు. పాత గొడుగుల ఊచలు విప్పి ఎముకలుగా అమర్చింది. తెల్ల కర్టెన్ గుడ్డ కత్తిరించి, ఒక్కొక్క ఈకా విడిగా కుట్టి, కొసలకు నల్లరంగు అద్దింది. పాత బ్యాగు పట్టీలు కోసి భుజాలకు తగిలించుకునే ఏర్పాటు చేసింది. తాడు లాగితే రెక్కలు విచ్చుకునేవి, వదిలితే ముడుచుకునేవి. భోజనాల బల్ల మీద వాటికి తప్ప దేనికీ చోటు లేక, ఇంట్లో అందరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు.

రెక్కలు రైల్లో పట్టవు కనుక కార్లో బయల్దేరారు. స్నేహితురాళ్లు వేరే కార్లో వెళ్లారు. దారి పొడవునా అక్షర ఫోన్ చూస్తూనే ఉంది. ఏమైందని అడిగితే ఏం లేదంది. హాలు దగ్గర దిగాక రెక్కలు తల్లి చేతిలో పెట్టి, టాయిలెట్‌కు వెళ్లొస్తానని జనంలో కలిసిపోయింది.

ఎంతసేపటికీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిందుమాధవి ఆడవాళ్ల టాయిలెట్ బయట అటూ ఇటూ పచార్లు చేసి, ఇక ఉండబట్టలేక హాలంతా వెతకడం మొదలుపెట్టింది. రెండు చేతుల నిండా రెక్కలు. కత్తుల వాళ్లూ కిరీటాల వాళ్లూ తగులుతుంటే ఈకలు నలుగుతున్నాయి. చివరికి విసుగొచ్చి, రెక్కలను తన భుజాలకే తగిలించుకుని, స్వెటర్ మీదుగా పట్టీలు బిగించింది.

వెంటనే జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఎవరో ఫొటో అడిగారు. కూతురు కనబడడం లేదని చెప్పబోయేలోపు ఇంకొకరు అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న: మీరు ఏ కిట్టివేక్? ఆమెకు జవాబు తెలియదు. ఆమె చూసింది అక్షర ఫోన్లో పంపిన ఒక్క బొమ్మే.

పాత కామిక్స్ అమ్మే స్టాలు దగ్గర తెల్లజుట్టు ఆవిడ ఒకరు రెక్కల కుట్టును వేళ్లతో తడిమి చూశారు. బిందుమాధవి సంగతి చెప్పగానే, తన దగ్గర పనిచేసే అమ్మాయిని నిర్వాహకుల దగ్గరికి పంపి, ఈలోపు కాస్త ఊపిరి పీల్చుకోమంది. కిట్టివేక్ ఒక్కతి కాదనీ నలుగురనీ ఆవిడే చెప్పింది. మొదటామె లైట్‌హౌస్ కాపలాదారు కూతురు, తెరచాప గుడ్డతో రెక్కలు కుట్టుకుంది. రెండో ఆమె నర్సు, ఆమెకు రెక్కలు వాటంతట అవే మొలిచాయి. మూడో ఆమె రెక్కలను శత్రువులు నరికేశారు. ఇప్పుడొస్తున్న నాలుగో ఆమెకు గాలి వీచినప్పుడు మాత్రమే రెక్కలొస్తాయి.

"మరి ఆ మూడో ఆమె రెక్కలు లేకుండా ఏం చేస్తుంది?" అని అడిగింది బిందుమాధవి.

మిగతా వాళ్లు చేసేదే చేస్తుందంది ఆవిడ. కాకపోతే నిచ్చెనలు ఎక్కుతుంది, బస్సులు పట్టుకుంటుంది, ఆలస్యంగా చేరుతుంది. చిన్నప్పుడు ఆ సంచికలు తనకు అసలు నచ్చేవి కావట. ఇప్పుడు అమ్మబుద్ధి కాక ఇంట్లోనే దాచుకుందట.

అంతలో వేషాల పోటీకి రమ్మని మైకులో పిలుపు వినిపించింది. అక్షర అక్కడ ఉండొచ్చని బిందుమాధవి అటు పరుగెత్తింది. వేదిక పక్కన వరుసలో నిలబడ్డ నలుగురు అమ్మాయిల్లో ముగ్గురికి రెక్కలున్నాయి. అట్టవీ, దుప్పటివీ, ప్లాస్టిక్‌వీ. నాలుగో అమ్మాయి అక్షర. బూడిదరంగు జాకెట్ వేసుకుంది. వీపు మీద రెండు చోట్ల ఎర్రరంగు పూసిన బ్యాండేజీ అతికించి ఉంది.

బిందుమాధవి వరుసలోంచి కూతురి చెయ్యి పట్టుకుని ఒక మూలకు తీసుకెళ్లింది.

"ఫోన్ ఎందుకు ఎత్తలే? ఎంత భయపడ్డనో తెలుసా నీకు?"

అక్షర నేల చూసింది. ఎవరు ఏ కిట్టివేక్ అవ్వాలో తాము ముందు మాట్లాడుకోలేదని ఇంగ్లీషులో గబగబా చెప్పింది. తనతో కలిపి ఇద్దరు మొదటి ఆమెగానే వస్తున్నారని పొద్దున తెలిసింది, మూడో ఆమెగా ఎవరూ లేరు. నేనవుతానని తానే ఒప్పుకుంది. దారిలో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఇన్ని వారాలు కూర్చుని కుట్టిన గదా బిడ్డా. ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

అప్పుడు అక్షర తలెత్తి తెలుగులో, మాటలు వెతుక్కుంటూ అంది. "ఇంత పెద్దవి నేను అడగలే, మమ్మీ. నువ్వే ఆగలే."

బిందుమాధవికి ముందు కోపం పొంగింది. తర్వాత, ఈకలు కుట్టిన మధ్యాహ్నాల్లో ఒక్కసారైనా అక్షరను పిలిచి కొలత తీసుకున్నానా అని ఆలోచించింది. తీసుకోలేదు. తన భుజాలకే పెట్టి చూసుకుంది. పట్టీలు ఇప్పుడు తన ఒంటి మీద సరిగ్గా కూర్చున్నాయి.

"నిజమే. పని పోయిన కాన్నుంచి చేతులు ఊకుంటలేవు. నా కోసమే కుట్టుకున్ననేమో," అంది.

వేదిక మీద నుంచి వాళ్ల పేర్లు పిలిచారు. అక్షర రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, నలిగిన ఒక ఈకను వేళ్లతో సాపు చేసి పరుగెత్తింది.

నలుగురూ వేదిక ఎక్కారు. ముగ్గురు చేతులు చాపి గిరగిరా తిరిగారు. అక్షర మాత్రం లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు ఒక్కో మెట్టూ తడుముకుంటూ, ఆయాసపడుతూ నటించింది. జనం నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. బహుమతి వేరే వాళ్లకు వెళ్లింది.

రెక్కలు వెనక వాళ్లకు అడ్డమొస్తున్నాయని ఎవరో అంటే బిందుమాధవి పక్కకు జరిగింది. అక్కడా అడ్డమే అయ్యాయి. ఇక కూర్చోకుండా గోడ వెంబడే నడవసాగింది. ఎదురొచ్చిన కుర్రవాడొకడు ఫొటో అడిగి, ఏ కిట్టివేక్ అన్నాడు. నలుగురిలో ఎవరూ కాదని చెప్పి, ఆమె తాడు లాగింది.