పద్దెనిమిది బాక్సులు

పుంగనూరు బస్టాండు పక్కన సుబ్రహ్మణ్యం నెట్ సెంటర్లో, ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే ఉత్తరం ఒక్కటే ఉంది. పేరు, తేదీ, కంపెనీ మారతాయంతే. ‘నేను కష్టపడి పనిచేసే నిజాయితీ గల వ్యక్తిని’ అని మొదలవుతుంది. దాన్ని నేను పదకొండు చోట్లకు పంపాను. ఒక్కరూ పలకలేదు. పుంగనూరు మొత్తం కష్టపడే నిజాయితీపరులే అయ్యాక నన్నెందుకు పిలుస్తారు?

పన్నెండోది కుప్పం దగ్గరి టమోటా గుజ్జు ఫ్యాక్టరీ. గేటు దగ్గరికొచ్చే లోడు చూసి, ఏది లోపలికి పోవాలో ఏది వెనక్కి పోవాలో చెప్పే పని. వయసు ముప్పై దాటకూడదు. నాకు వచ్చే నెల ఆరో తేదీకి దాటుతుంది. దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రం ఐదు. నేను కుర్చీలో కూర్చునేసరికి నాలుగూ పది. పక్క స్టూలు మీద మా నాయన శ్రీనివాసులు నన్ను కాపలా కాస్తూ కూర్చున్నాడు.

నిజంగా కాపలానే. బోర్లు ఎండిపోయిన ఏడాది నుంచి మూడేళ్లు నేను మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గర కాయలు ఏరే కూలీగా చేశాను. డిగ్రీ చదివిన పిల్ల, ఎనిమిదెకరాల రైతు కూతురు కింద పరిచిన పట్టమీద కూర్చుని మచ్చకాయ ఏరుతోందంటే మా ఊరు సోమలలో తలెత్తుకోలేనని, నాయన ఊరందరికీ ‘మాలతికి ఆఫీసులో కంప్యూటర్ పని’ అని చెప్పాడు. ఇప్పుడు కుప్పంలో దరఖాస్తులు మొదట చదివేది మా మేనత్త కొడుకు హేమంత్. వాడి కడుపులో ఏ మాటా దాగదు.

“సుబ్రమణ్యం రాసిందే పెట్టుమ్మా. మండీ మాట యాల?” అన్నాడు నాయన.

“అది పెట్టే కదా నాయనా పదకొండు పోయినాయి.”

“ఆ మూడేండ్లు ఇంట్లో ఉండానని రాయి.”

“కాయ సూసే పనికి, కాయలు ఏరిన మాట దాచిపెట్టి ఏం రాసేది?”

“నాలుగున్నరకి కరెంటు తీస్తారప్పా. ఏందో ఒకటి తేల్చుకోండి,” అన్నాడు సుబ్రహ్మణ్యం కౌంటర్ వెనక నుంచి.

నాకు ఒళ్లు మండింది. ఉత్తరం మొత్తం చెరిపేసి, నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మూడేళ్లు కాయలు ఏరానని రాశాను. బయటికి బాగుండి లోపల మెత్తబడిన కాయ చేతికి ఎలా తెలుస్తుందో రాశాను. అక్కడ ఆగిపోయాను. నన్ను నమ్మడానికి వాళ్లకు ఒక్క సంఘటన చాలు. ఆ సంఘటన నా దగ్గర ఉంది. దాన్ని రాస్తే పోయేది నా పరువు కాదు.

రెండేళ్ల కిందట, వాన పడిన వారం. మా వ్యాపారి వేలంలో కొన్న బాక్సులు నా ముందు దించారు. చీటీల మీద ‘శ్రీనివాసులు, సోమల’ అని ఉంది. పై వరుసలో నిగనిగలాడే కాయలు. చెయ్యి లోపలికి పెడితే అన్నీ పగుళ్లు. వ్యాపారి పక్కనే నిలబడి ఉన్నాడు. పద్దెనిమిది బాక్సులు పక్కకు తోశాను. నాయన స్తంభం దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

అదంతా టైపు చేశాను. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది.

“ఇరవై అయిదు నిమిషాలొస్తాది, అంతే,” అన్నాడు సుబ్రహ్మణ్యం.

“ఏం రాసినావు? తెలుగులో చెప్పు,” అన్నాడు నాయన.

అబద్ధం చెప్పొచ్చు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ ఉత్తరంలో నిజం రాసి పక్కనున్న మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తెర మీది ప్రతి వాక్యం తెలుగులో చెప్పాను. ‘మా నాయన బాక్సులు’ అన్నచోట కూడా ఆపలేదు.

నాయన తల తిప్పి గోడ వంక చూశాడు. గడియారం నాలుగూ నలభై ఆరు.

“హేమంత్‌గాడు సదువుతాడు కదా.”

“సదువుతాడు.”

“వాళ్లమ్మకు చెప్తాడు.”

“చెప్తాడు, నాయనా.”

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. నేను పంపనని ఆయనకు నమ్మకమనుకున్నాను. నిజానికి నా వేలు కదలడం లేదు.

“పద్దెనిమిది అని రాసినావా?”

“ఊ.”

“ఇరవై రెండు. నాలుగు నీ కంటికి పడల్యా.”

తలెత్తి చూశాను. ఆయన తెర వంకే చూస్తున్నాడు.

“రాసేది రాస్తాండావు. లెక్క సరిగ్గా రాయి,” అన్నాడు.

సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే ఇంకో వాక్యం చేర్చాను. నాలుగు బాక్సులు నా చేతికి దొరకలేదని, ఆ సంగతి నాకు ఈరోజే మా నాన్న చెప్పాడని. నాలుగూ యాభై మూడుకు పంపాను. ఇంకో రెండు నిమిషాలకు తెర నల్లబడింది.

తొమ్మిదో రోజు హేమంత్ ఫోను చేశాడు.

“వదినా, సోమవారం రమ్మంటాండారు నిన్ను. మా సారు ఒకటే అడగమన్నాడు. ఆ నాలుగు బాక్సులు ఎట్ల పేరిస్తే నీకు దొరకలేదంట?”

నాకు తెలియదు. ఫోను నాయనకిచ్చాను.