తలుపులమ్మ సంతకం

పదకొండో తలుపు ముందు, నీలం దిండు మీద మోకాళ్లూని కూర్చుని, గులాబీ రంగు నైలాను పేలిక ఒకటి రెక్కల మధ్యకు జారవిడిచింది ఆమె. రెక్కలు మెత్తగా వచ్చి కలుసుకున్నాయి. పైన దీపం పచ్చగా వెలిగింది. పేలిక మాత్రం సగం లోపల, సగం బయట వేలాడుతోంది.

"ఓసి నీ దుంపతెగ!" అంది తలుపుతో.

మెట్రో రైళ్ల షెడ్డులో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ తలుపులమ్మే. పొద్దున్నే బళ్లు బయటికి వెళ్లేముందు ఒక్కో తలుపునూ మూయించి, తెరిపించి, బాగుందని సంతకం పెట్టడం ఆమె పని. పొట్టి మనిషి, కాస్త భారీ విగ్రహం, నెరిసిన జుట్టుకు బిగించి కట్టిన ముడి. దర్జీ అయిన భర్త దగ్గర మిగిలిన ముక్కలన్నీ ఆమె సంచిలో చేరతాయి. పట్టు, నూలు, వానకోటు గుడ్డ, బడిసంచి పట్టీ, ఏదీ వదలదు. "నేను బట్టలు కుడతాను, మా ఆవిడ వాటిని రైలు తలుపుల్లో ఇరికిస్తుంది. అలా నడుస్తోంది మా సంసారం" అని ఆయన గిరాకీలందరికీ చెప్పి నవ్వుతాడు.

ఇవాళ్టి బండి సరికొత్తది. తలుపు అంచు రబ్బరులో సెన్సర్లున్నాయి. మధ్యలో ఏది అడ్డం వచ్చినా కంప్యూటరు కనిపెట్టి బండిని కదలనివ్వదట. పది గంటలకు పెద్ద అధికారులు ఎక్కి తొలి ప్రయాణం చేస్తారు. సెన్సర్లు అమర్చిన ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని సీటు అంచున కూర్చుంది.

"ఆ టెస్టు నిన్ననే అయిపోయిందమ్మా. చెక్క దిమ్మ పెట్టి చూశాం. అన్ని తలుపులూ పాసయ్యాయి."

"చెక్క దిమ్మలు కట్టుకుని రైలెక్కేవాళ్లు ఎవరున్నారు తల్లీ?"

అమ్మాయి నవ్వుతూనే లేచి పేలికను పట్టి లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తోంది. అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

అంతలో ఇస్త్రీ మడత నలగని చొక్కాలో సూపర్‌వైజరు వచ్చాడు. "తొమ్మిదయింది, సంతకం పెట్టేయండమ్మా. ఆ కాస్తా రేపు సరిచేసుకుంటారు." తలుపులమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఇవాళ్టితో మీ సర్వీసే అయిపోతోంది. ఈ చివరి పూట ఎందుకొచ్చిన గొడవ చెప్పండి?"

ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని అతనితో ఒట్టు వేయించుకుంది ఆమే. వీడ్కోలు ఉపన్యాసాలంటే ఆమెకు చెమటలు పడతాయి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, తను సంతకం పెట్టిన తలుపులోనే ఒకావిడ చున్నీ ఇరుక్కుంది. బండి కదిలింది. ఆవిడ నాలుగడుగులు బండితో పాటు పరుగెత్తి, చున్నీ చిరిగి, ప్లాట్‌ఫారం మీద పడింది. మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది. ఎవరూ తలుపులమ్మను తప్పుపట్టలేదు. దిమ్మ పరీక్షలో ఆ తలుపు పాసయిందే మరి. ఆసుపత్రికి వెళ్తే ఆవిడే ఎదురు ఓదార్చి పంపింది. ఆ మర్నాటి నుంచే సంచిలో పేలికలు చేరాయి.

"చివరి పూట కాబట్టే సార్" అంది. "రేపు దిద్దుకోవడానికి నేనుండను. పెట్టను."

సూపర్‌వైజరు తల పట్టుకుని, అధికారులకు ఏదో ఒకటి చెప్పడానికి ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు.

అమ్మాయి నేల మీదే చతికిలబడి సెన్సర్లను ఇంకాస్త సున్నితం చేసింది. ఈసారి తలుపు అసలు మూసుకోనే లేదు. తన రబ్బరునే అడ్డమనుకుని ఆవులించినట్టు తెరుచుకుంటోంది.

"ఇప్పుడిది మా అత్తగారయింది. ఏం పెట్టినా నచ్చదు" అంది తలుపులమ్మ. ఇద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఇంకో రెండుసార్లు ప్రయత్నించారు. కుదరలేదు.

"ఇరుక్కున్నవాళ్లు ఊరికే నిలబడరు కదమ్మా, లాక్కుంటారు" అంది తలుపులమ్మ, పేలికను వేలికి చుట్టుకుంటూ.

అమ్మాయి తలెత్తింది. "లాగుతారు... అవును, లాగుతారు! మూసుకున్నాక అంచు మీద లాగుడు పడితే చాలు, నేను పట్టుకోగలను." వేళ్లు టకటకా పరుగెత్తాయి. "ఊఁ, ఇప్పుడు లాగండి."

తలుపులమ్మ లాగింది. దీపం ఎర్రబడింది. రెక్కలు విడిపోయి పేలిక ఆమె చేతికొచ్చింది.

ఇరవైనాలుగు తలుపుల్నీ ఒక్కో గుడ్డతో పరీక్షించి సంతకం పెట్టేసరికి పదకొండు దాటింది. అప్పటికి అధికారులు మూడు విడతల టీ తాగారు.

"రోజూ చేసే పరీక్షల జాబితాలో దీన్నీ చేరుస్తున్నానమ్మా. ఏమని రాయను?" అంది అమ్మాయి.

"పేలిక పరీక్ష అని రాయి. గొప్ప పేర్లు పెడితే ఎవరూ చెయ్యరు." సంచి అమ్మాయి చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరుంచు."

"మరి మీకో?"

"మా ఇంట్లో గుడ్డముక్కలకేం కరువు?"

ఆఫీసులో తాళాలు అప్పజెప్పింది. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయాడు. వద్దన్నట్టు చెయ్యెత్తింది. అతను లేచి నిలబడ్డాడు, అంతే. వెనక గేటు దాటి వీధిలోకొచ్చింది. మధ్యాహ్నం ఆటకు టిక్కెట్లు కొని, దుకాణం మూసి, భర్త ఎదురుచూస్తుంటాడు. చాలా ఏళ్ల తర్వాత పగటిపూట సినిమా.

తల మీది వంతెన మీదుగా కొత్త బండి మెరుస్తూ వెళ్లింది. ఆగి, చివరి పెట్టె దాటేదాకా చూసింది. అప్పుడు గుర్తొచ్చి, నడివీధిలో ఒక్కతే పకపకా నవ్వేసింది. ఈ లైను మీద నడిచిన మొదటి బండి తుక్కుకు వెళ్లినప్పుడు దాని సీటులోని స్పాంజి తెచ్చుకుని, మోకాళ్ల కింద వేసుకోవడానికి దిండు కుట్టించుకుంది. మధ్యలో రెండు గుంతలు పడ్డ ఆ నీలం దిండు, చివరి తలుపు పక్కన, అధికారుల నిగనిగలాడే బూట్ల మధ్య దర్జాగా ప్రయాణం చేస్తోంది.