టైపిస్టు తప్పు

కాంతారావు చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆయనకి మొదట చెప్పింది నేనే. పొగుడుతున్నాననుకున్నాడు. గొయ్యి తవ్వుతున్నానని తెలియలేదు పాపం. ఎదురుగా ఉంటే గారు అనక తప్పదు గానీ, ఇక్కడ మాత్రం ఉత్త కాంతారావే.

బందరులో ఆయన రొయ్యల కంపెనీ ఆఫీసులో నేను టైపిస్టుని. ఆయన చెప్తాడు, నేను కొడతాను, ఆయన మాట తప్పుతాడు, తప్పు నాదవుతుంది. "టైపిస్టు తప్పండీ" అన్న ముక్క ఎప్పుడూ ఆయన నాలుక చివరే ఉండేది. కుర్చీలో కూర్చున్నవాడు పొరబడడట, వేళ్లు అరగదీసుకునేవాళ్లవే అన్ని పొరపాట్లూను!

చిన్న చిన్నవైతే సర్దుకుపోయేదాన్ని. రెండు వేల రెండులో మాత్రం నా కొంపే ముంచాడు. బంటుమిల్లి చెరువుల వాళ్లకి ఫలానా రేటుకి రొయ్యలు కొంటామని ఇంగ్లీషులో ఈమెయిలు కొట్టించాడు. అక్కడి రైతుల సంఘం సెక్రటరీ అయ్యప్పగారు దాన్ని చదివి అందరికీ చెప్పారు. మా నాన్న వెంకటపతికీ అక్కడ చిన్న చెరువుంది. "మా అమ్మాయి కొట్టిన ఉత్తరం, ఇంక తిరుగులేదు" అని నాన్న ఇరుగూ పొరుగూ అందరినీ ఒప్పించి రొయ్యలు పట్టించాడు. సరుకు బందరు చేరేసరికి మార్కెట్ పడిపోయింది. కాంతారావు నన్ను వరండాలోకి పిలిచి, రైతులందరి ముందూ "ఈ పిల్ల రేటు తప్పు కొట్టిందండీ. ఏమ్మా జ్యోతీ, క్షమించమని అడుగు" అన్నాడు.

ఎదురుగా నాన్న ఉన్నాడు. నిజం చెప్పబోయాను. "ఉద్యోగం ఉండాలా వద్దా?" అని పళ్ల సందుల్లోంచి గొణిగాడు కాంతారావు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. చేతులు జోడించాను.

ఆ రోజు నుంచి నాన్న బంటుమిల్లి సెంటర్లో టీ తాగడం మానేశాడు. నేను ఎన్నిసార్లు ఒట్టేసి చెప్పినా, "పోనీలేమ్మా, పొరపాట్లు అందరూ చేస్తారు" అనేవాడు. ఊరు నమ్మకపోతే మానె, కన్నతండ్రి కూడా నమ్మలేదే!

ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు నేను. కుక్క తోక వంకరే కదా, మళ్లీ మాట తప్పుతాడు. ఆ రోజు నా వేళ్లు ఆ మాట దరిదాపుల్లో ఉండకూడదు. అదీ నా పంతం.

రెండేళ్లకి దారి దొరికింది. అప్పట్లో తెలుగులో ఈమెయిలు కొడితే అవతలి కంప్యూటర్లో అక్షరాలకి బదులు డబ్బాలు కనిపించేవి. కోనేరు సెంటర్లో కంప్యూటర్ల షాపు ఇర్ఫాన్ ఓ కొత్త వస్తువు చూపించాడు. నల్లటి పలక, దానికో పెన్ను. పలక మీద రాస్తే తెర మీద అదే చేతిరాత పడుతుంది. దాన్ని బొమ్మలాగా ఈమెయిల్లో పంపేయడమే.

"సార్, మీ ముత్యాల్లాంటి రాత ఉండగా ఈ టైపు గోలెందుకండీ? రైతులకి మీ చేత్తోనే తెలుగులో వెళ్తే ఆ గౌరవమే వేరు" అన్నాను.

"నిజమేనంటావా?" అన్నాడు మీసం సవరించుకుంటూ.

"ఒట్టు సార్."

ఇక చూడాలి ఆయన సంబరం! బలపం దొరికిన చంటిపిల్లాడే. గుడివాడలో రైసుమిల్లున్న వియ్యంకుడికి రోజూ పొద్దున్నే ఓ పద్యం రాసి పంపేవాడు. ప్రతి ఉత్తరం కిందా సంతకం, సంతకం కింద మెలికలు తిరిగిన గీత. ఆయన రాసేవాడు, నేను సెండ్ నొక్కేదాన్ని.

ఆ వేసవిలోనే తోక వంకర బయటపడింది. "ఈ వారం ఎంత సరుకు తెచ్చినా పోయిన వారం రేటే ఇస్తాను. ఇది నా మాట" అని బంటుమిల్లికి రాశాడు. రైతులు చెరువులు పట్టేసి వ్యాన్లతో దిగారు. ఈలోగా మార్కెట్ పడింది. చెరువులోంచి తీసిన రొయ్య ఎవరి కోసమూ ఆగదు, ఐసు కరిగితే కంపే. నాన్న కూడా వచ్చి వెనకాల స్తంభం పక్కన నిలబడ్డాడు.

కాంతారావు వరండాలోకి వచ్చాడు. "అయ్యయ్యో, టైపింగులో పొరపాటండీ. ఏమ్మా జ్యోతీ, ఇలా రా" అన్నాడు. నోటికి పట్టిన అలవాటు మరి, ఊరుకుంటుందా?

నవ్వు ఆపుకుని, "టైపింగా సార్? ఏదండీ?" అన్నాను.

అయ్యప్పగారు జేబులోంచి ప్రింటు తీసి విప్పారు. "ఇవి మీ అక్షరాలు కావాండీ కాంతారావుగారూ? ఈ మెలికల గీత వెంకటపతి కూతురు గీసిందా?"

దొంగకి తేలు కుట్టినట్టయింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాసిన రేటే ఇస్తానని ఒప్పుకోక తప్పలేదు.

వాళ్లకి అది చాలు. నాకు చాలదు. కంప్యూటర్ గదిలోకి అందరినీ పిలిచి, పలక ఆయన ముందు పెట్టాను. "రెండేళ్ల కిందటి రేటు కూడా మీరు చెప్పిందేనని రాయండి సార్."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? జీతం పెంచుతాలే" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పండి సార్, మా నాన్నకి వినపడలేదు."

అయ్యప్పగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రాయండి. మీరు రాసేదాకా మేం కదలం."

రాశాడు. "అప్పటి రేటు నేనే చెప్పాను. జ్యోతిర్మయి తప్పు లేదు." ముత్యాలు కాస్తా కోడి కెలికిన గింజల్లా చెదిరిపోయాయి. పెన్ను పడేసి లేవబోయాడు.

"సంతకం మరిచారు సార్. గీతతో సహా."

పెట్టాడు. సెండ్ నొక్కాను.

నాన్న ముందుకొచ్చి, తెర మీద అక్షరాల్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకుని, "సంఘం వాళ్లందరికీ వెళ్లిందా అమ్మా?" అన్నాడు.

"వెళ్లింది నాన్నా. గుడివాడ వియ్యంకుడిగారిక్కూడా."